రాలుకాయల గంప

మా క్రైస్తవ సంఘంలో ఎవరి పంట చేతికొచ్చినా తొలి ఫలం గుడికి తెస్తారు. తిరువూరు పక్కన నాకు కొంచెం మామిడి తోట ఉంది. బడిలో పంతుల్ని, గుడిలో సంఘ పెద్దని. దేవుడికి శ్రేష్ఠమైనదే ఇవ్వాలని నిరుడు ఓ వేసవి ఆదివారం అందరికీ చెప్పినవాణ్ణీ నేనే.

నేను తెచ్చిన గంపలోవి మాత్రం ముందురోజు గాలికి రాలిన బంగినపల్లి కాయలు. చెట్టుమీది మంచి కాయలన్నీ వ్యాపారికి ఉంచాను. రాలినవాటిని తుడిచి, దెబ్బ తగిలిన వైపు కిందికి తిప్పి పేర్చాను. ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు.

వాటిని ఏరింది మా తోటలో కూలికొచ్చే పెద్దమ్మ. తన పెట్ట పెట్టిన తొలి గుడ్లు కొంగులో పట్టుకొచ్చి, నా గంప చూసి ఆగింది.

"ఇయ్యి నిన్న మనం కింద ఏరినయ్యి కాదా మేష్టారూ? పచ్చడికన్నారుగా!"

"దేవుడికి మాత్రం పచ్చడొద్దా ఏంటి?" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు.

"అవి వేరే, పెద్దమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "అంతేలెండి. నా కళ్ళే మసకలు," అంది.

ఆ మాట అక్కడితో పోలేదు. గుడిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు ఉన్నప్పుడల్లా బియ్యంలో రాళ్ళు ఏరేది ఆమే. ఆ పనంటే ఆమెకు ప్రాణం. తర్వాతి విందుకు ఆడవాళ్ళు చేట లాగేసుకున్నారు. "నీకు ఆనదులే, కూర్చో." ఆమె గోడవారగా కూర్చుంది. నేను చూశాను, నోరు విప్పలేదు. ఏడాదంతా విప్పలేదు.

ఈ వేసవిలో వ్యాపారి రాకముందే ఆమెను తోటకు పిలిచాను. ఏ చెట్టు కాయలు కోయాలో ఆమే చూపించింది, నేను కోశాను. శనివారం సాయంత్రం నా నిర్ణయం చెబితే మా ఆవిడ కంగారుపడింది.

"పాస్టరు అయ్యగారితో చెప్పుకుంటే చాలదా? అందరి ముందూ ఎందుకండీ?"

"అబద్ధం అందరి ముందే ఆడాను."

ఆదివారం గంప పెట్టి, ఆమె వైపు తిరిగి చెప్పాను. "నిరుడు పెద్దమ్మ చెప్పిందే నిజం. అవి రాలుకాయలే. ఆమె కళ్ళకేం కాలేదు. నేనే అబద్ధమాడాను." ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు ప్రేమవిందు ఉంది. ఆరాధన ముగియగానే పెద్దమ్మ నా దగ్గరికి రాలేదు. తిన్నగా వంటల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఆ చేట ఇటియ్యండే."