ఎర్ర పడవకు ఎదురుగా

తలుపుకు తాళం వేశాక ఆమె ఒకసారి లాగి చూస్తుంది. మెట్ల దాకా వెళ్తుంది. వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తుంది. తాళం ఎప్పుడూ ఊడి రాలేదు. అయినా చూస్తుంది.

ఇది తల్లి నుంచి వచ్చింది. తల్లి బడిలో ఆయా. సాయంత్రం పిల్లలు వెళ్లాక గదులన్నిటికీ తాళాలు వేసి, ఒక్కొక్కటీ లాగి చూసి, అప్పుడు ఇంటికి బయల్దేరేది. "అమ్మ నీకు రాసిచ్చిన ఆస్తి ఇదొక్కటేనే" అని అన్న ఏడిపించేవాడు.

దీవికి ఆమె భూమి కొలతల చదువుకు వచ్చింది. కాలేజీ సముద్రం వైపు తిరిగిన పాత మేడ. కింద తరగతులు, పైన హాస్టలు. తరగతిలో మూడు కాళ్ల స్టాండ్లు గోడకు ఆనించి ఉంటాయి. ఉప్పు గాలికి వాటి మరలు బిగుసుకుపోతాయి. నూనె వేసి తిప్పాలి. మొదటి వారం ఆమె నేర్చుకున్నది దాదాపు అదే. మాట్లాడింది కూడా "ఆ నూనె ఇటివ్వండి" అన్నంతవరకే. గదిలో రెండో మంచం ఖాళీ. దాని మీద తువాలు ఆరేసుకునేది. ఇంకా తువాలుతో మాట్లాడలేదు గానీ, మరో వారం గడిస్తే ఏమయ్యేదో చెప్పలేం.

శుక్రవారం సాయంత్రం పక్క గది సీనియర్లు ఇద్దరు వచ్చారు. ఒకామె పొడుగు. అందరూ నిచ్చెన అంటారు. రెండో ఆమెకు నోరు మూతపడదు. ఆమె రేడియో.

"కొత్తమ్మాయ్, రేపు పడమటి ఒడ్డు, ఎల్లుండి తూర్పు ఒడ్డు. దాంతో దీవి అయిపోతుంది. రేపు వస్తావా?" అంది రేడియో.

"వస్తానక్కా" అంది, మాట పూర్తి కాకముందే. తర్వాత సిగ్గుపడింది.

ఆమెకు దీవి మీద అంత మోజు లేదు. ఎల్లుండి కూడా పిలవాలని ఉంది. రేపు ఏ పొరపాటూ చేయకపోతే పిలుస్తారనుకుంది.

పొద్దున సంచి సర్దింది. గొడుగు, టార్చి, దూది, మాత్రలు, తాడు. నిచ్చెన ఆ సంచి ఎత్తి చూసింది.

"పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఏంటే ఇది? తాడెందుకు?"

"ఎందుకైనా మంచిదని."

"మమ్మల్ని కట్టేసి తీసుకొస్తుందే" అంది రేడియో.

రేవు వీధిలో బస్సు కోసం నిలబడ్డారు. సైకిళ్ల కొట్టు, వలలు అమ్మే కొట్టు, మంగలి కొట్టు. మంగలి ఒకాయనకు ఒక చెంప గీసేలోపు వాన వచ్చింది. రెండో చెంప గీసేలోపు వెలిసింది. గొడుగు తీయాలా వద్దా అని ఆమె ఆలోచిస్తుండగానే బస్సు వచ్చింది.

పడమటి ఒడ్డున కొబ్బరి చెట్టు పక్కన కొబ్బరి చెట్టు. వాటి కింద ఒకేలాంటి పొదలు. ఎంత దూరం చూసినా అంతే. ఆటుకు నీళ్లు వెనక్కి పోయి, రాళ్ల మధ్య మడుగులు మిగిలాయి. చెప్పులు బురదలో దిగబడుతున్నాయి.

"చెప్పులూ ఈ సంచీ ఏదో పొదలో పెట్టి పోదాం. చోటు మాత్రం ఎవరైనా గుర్తుంచుకోండి, తల్లీ" అంది నిచ్చెన.

"నేను చూసుకుంటానక్కా."

వారంలో మొదటిసారి ఆమె గొంతు పెద్దగా పలికింది. క్లాసులో చెప్పినట్టే చుట్టూ చూసింది. దూరం నుంచి కనబడాలి, వేరేదానితో కలిసిపోకూడదు. ఒడ్డుకు కాస్త అవతల, నీళ్లలో ఎర్ర పడవ ఒకటి ఉంది. దీవి మొత్తానికి అంత ఎరుపు మరొకటి ఉండదు. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న పొద ఎంచుకుంది. వేలు చాచి, ఒక కన్ను మూసి, సూటిగా ఉందో లేదో చూసుకుంది.

"ఎర్ర పడవకు ఎదురుగా" అంది.

"భేష్" అంది నిచ్చెన.

పీతల వెంట పడ్డారు. గవ్వలు ఏరారు. రేడియో చెప్పిన కథలు సగమే అర్థమైనా ఆమె పూర్తిగా నవ్వింది. రాళ్లు దాటి తిరిగి వచ్చేసరికి ఎండ దిగుతోంది. ఎర్ర పడవ కనబడింది. ఎదురుగా పొద ఉంది. పొదలో ఏమీ లేదు.

పక్క పొదలో చూశారు. దాని పక్కదానిలో చూశారు. పడవలో వల విప్పుకుంటున్న ఆయన తలెత్తాడు.

"ఏం పోయిందమ్మా?"

"చెప్పులూ, ఒక సంచీ అండీ. మీ పడవకు ఎదురుగా పెట్టాం" అంది ఆమె.

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దున నేనిక్కడ లేనుగా! చేపలు ఇటొచ్చాయి, నేనూ ఇటొచ్చా."

"మరి పొద్దున ఎక్కడున్నారు?"

"అటు" అని ఆయన చెయ్యి ఊపాడు. ఆ ఊపులో సగం దీవి పట్టింది.

రేడియో ఒక్క మాట కూడా అనలేదు. ఇక రేపు తూర్పు ఒడ్డుకు పిలవరు, అనుకుంది ఆమె.

నిచ్చెన ఇసుకలో కూలబడింది. "మబ్బును గుర్తు పెట్టుకుని మూట పాతిన వాడికి సొంత చెల్లెలివే నువ్వు. ఏం చదువుతున్నావే?"

"సర్వే అక్కా."

"మనం?" అని రేడియో వైపు తిరిగింది.

"సర్వేనే. రెండో ఏడు" అంది రేడియో, నీరసంగా. "నేను కూడా చూశానే, సూటిగానే ఉందని. పోయినేడాది నాకు క్లాసులో ఫస్టు మార్కులు."

ముందు పడవలో ఆయన నవ్వాడు. తర్వాత వాళ్లు. ఆమె నవ్వాలా ఏడవాలా తేల్చుకోలేక రెండూ కొంచెం కొంచెం చేసింది.

చీకటి పడేదాకా వెతికారు. ఒడ్డుకు ఆ చివర ఒక్క చెప్పు దొరికింది, అది వాళ్లది కాదు. బస్సులో డ్రైవరు వాళ్ల పాదాలు చూసి, "పరుగు పందెమా అమ్మా? ఎవరు గెలిచారు?" అన్నాడు.

"పడవ గెలిచింది" అంది రేడియో. అక్కడి నుంచి కొత్తమ్మాయి పేరు పడవ అయింది. "పడవా, జరుగు." "పడవా, దిగేది ఇక్కడే, దిగాక ఎటూ కదిలిపోకు."

హాస్టల్లో ఎవరి గదికి వాళ్లు వెళ్లారు. తూర్పు ఒడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. మరిచిపోయారో, కావాలనే ఎత్తలేదో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున లేచి, మొహం కడుక్కుని, మంచం అంచున కూర్చుంది. వరండాలో అడుగుల చప్పుడు అయింది. అది ఊడ్చే ఆమె. ఇంకాసేపు కూర్చుంది. తర్వాత వట్టికాళ్లతో వెళ్లి పక్క గది తలుపు కొట్టింది.

"ఎవరే, తెల్లారకుండా?" అంది లోపలి నుంచి నిచ్చెన.

"పడవ."

లోపల మంచం కిర్రుమంది.

"లేవండక్కా. చెప్పులు కొనుక్కుని తూర్పు ఒడ్డుకు పోదాం" అంది. వాళ్లు తలుపు తీసేదాకా కొడుతూనే ఉంది.