వ్యాను టాపుకు కుట్టిన రవిక ముక్కలు

పోయిన నెల మా అమ్మాయి కొత్త కారు కొని, మొదటి సవారీ అమ్మదే కావాలని పట్టుబట్టి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని గోదావరి వంతెన దాకా తీసుకుపోయింది. కన్నకూతురు స్టీరింగు పట్టి నడుపుతుంటే మురిసిపోవాల్సింది పోయి, నేను తల వెనక్కి వాల్చి కారు టాపు చూస్తూ కూర్చున్నాను. బూడిద రంగు గుడ్డ, ఒక్క ముడతైనా లేదు, దవాఖాన గోడలాగా నున్నగా ఉంది. చేత్తో తడిమి చూశాను. ఏం చూస్తున్నావని అది అడిగితే ఏమీ లేదన్నాను. నా ఈడు ఆడవాళ్లలో ఒకప్పుడు మా వ్యాను ఎక్కిన వాళ్లెవరైనా పక్కన ఉండి ఉంటే అడగకుండానే పసిగట్టేవాళ్లు.

మా ఆయన బాయి పనికి పోయేవాడు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అనే అంటారు, అందులోకి దిగినవాడు మళ్లీ పైకి వచ్చేదాకా ఇంట్లో ఆడదాని ప్రాణం ప్రాణంగా ఉండదు. నడుము పట్టేసి ఇక దిగలేననుకున్న కాలంలో, తమంతట తాము కొలువు వదులుకునేవాళ్లకు కంపెనీ ఇంత ఇస్తుందంటే సంతకం పెట్టి వచ్చేశాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అట్లా వచ్చినవాళ్లు మా వీధిలోనే ఎంతోమంది. కొందరు ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేశారు, కొందరు తాగారు, మా ఆయన కాలనీ వెనక రెండు గదుల ఇల్లు చూసుకుని ఒక పాత వ్యాను కొన్నాడు. పొద్దున్నే మొదటి షిఫ్టు వాళ్లను సెంటినరీ కాలనీ వైపు గనుల దగ్గర దింపి, పని దిగాక మళ్లీ తెచ్చి ఇండ్లకు చేర్చడం ఆయన కొత్త కొలువు. అన్నం పెట్టింది ఆ వ్యానే.

షిఫ్టు దిగినవాళ్లు ఎంత రుద్దుకుని స్నానం చేసినా తలలో బొగ్గు పోదు. ఆ తలలు, వాటి కొబ్బరినూనె తగిలి తగిలి టాపు గుడ్డ నల్లబడి, లోపలి స్పాంజి శనగపిండిలా రాలి, గుడ్డ మొత్తం నిండు చూలాలి కడుపులాగా కిందికి జారింది. మా ఆయన దానికి వరసగా పిన్నీసులు గుచ్చాడు. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా ఎవరిదో ఒకరి జుట్టు పిన్నీసుకు చిక్కుకుని వ్యాను నిండా తిట్లు. దసరాకు మార్పిస్తానని అందరికీ మాటిచ్చాడు. దసరా రాకముందే, ఒక పొద్దున వ్యాను కడుగుతూ కడుగుతూ, ఛాతీ పట్టుకుని చక్రం పక్కనే కూర్చుండిపోయాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

ఇక్కడ నా పెట్టె సంగతి చెప్పాలి. పెళ్లయిన ప్రతి ఆడదాని ఇంట్లోనూ కుట్టించుకోని రవిక ముక్కల పెట్టె ఒకటి ఉంటుంది కదా, నాదీ అట్లాంటిదే, రేకుపెట్టె. ఒడిబియ్యంలో పెట్టినవి, కొత్త ఇండ్లలో పాలు పొంగించిన రోజు పెట్టినవి, శ్రావణమాసంలో మంథని నుంచి వచ్చిన పంతులుగారి ఇల్లాలు పెట్టినవి. వాటిలో సగం రవికకు సరిపోవు, చెయ్యి కుడితే వీపు రాదు. అవి కుట్టుకోవడానికి కాదు, బొట్టు పెట్టి ఇంకొకరికి పెట్టడానికి. క్వార్టర్లో ఉన్నప్పుడు నేను ఈ చివరింట్లో పెట్టిన ముక్క క్వార్టర్ల వరసంతా తిరిగి ఆ చివరింటి నుంచి మళ్లీ నా ఒళ్లోకే వచ్చిన సందర్భాలున్నాయి. తెలిసినా ఎవరమూ నోరెత్తేవాళ్లం కాదు. అది ఆడవాళ్ల మర్యాద.

మా ఆయన కర్మలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం మా తోటికోడలు వచ్చింది. మా బావగారి భార్య, నాకన్నా పెద్దది, అక్క అని పిలుస్తాను. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, కరివేపాకు అడిగినంత మామూలుగా అడిగింది.

"నీ చేతితోని ఇగ ఎవ్వలకు పెట్టేది లేదు గదా. ఆ పెట్టె నాకియ్యరాదు, పెట్టుడుకు పనికొస్తయి."

ఆవిడ నన్ను నొప్పించాలని అనలేదు. అందుకే నాకు అంత మండింది. మొగుడు పోయాడని ఏడ్చాను సరే, ఆయనతో పాటు నా చెయ్యి కూడా పోయిందని నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పెట్టె ఖాళీగా లేదక్కా, పని ఉంది దానితో అన్నాను. ఏం పనో అన్నప్పుడు నాకూ తెలియదు.

ఆ పని మా తమ్ముడు తెచ్చాడు. బావ పోయాక వ్యాను వాడే నడుపుతున్నాడు. సీటు కవర్ల దుకాణంలో అడిగితే టాపుకు రెగ్జిన్ వేయడానికి బండిని వారం పాటు వదిలిపెట్టి పొమ్మన్నారట. వారం పాటు బండి ఆగితే షిఫ్టు వాళ్లు ఇంకో బండి చూసుకుంటారు. నేను పాత గుడ్డ విప్పుకుని రమ్మన్నాను. దాన్ని వాకిట్లో పరిచి, కొలత చూసుకుని, రేకుపెట్టె తెచ్చి దాని మీద బోర్లించాను. మా తమ్ముడు నా ముఖం చూసి బయటికి పోయి బీడీ ముట్టించాడు.

బొంత కుట్టడం మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను కాబట్టి ముక్కకు ముక్క అతకడం కష్టం కాలేదు. చిలకపచ్చ, వంకాయరంగు, ఎర్రటి పూలవి, జరీ చుక్కలవి, అన్నీ కలిపి కుట్టు మిషను మీద ఒక్క గుడ్డ చేశాను. రామగుండం ఎండకు వ్యాను రేకు పెనంలా కాలుతుంది గనుక, దాని వెనక బసంత్‌నగర్ సిమెంటు సంచులు ఉతికి, దులిపి, పొరలుగా వేశాను. రేకు మీది పాత గమ్మును అట్లకాడతో గీకి, చెప్పులు కుట్టే ఆయన దగ్గరి సొల్యూషన్ పూసి అంటించాం. మధ్యాహ్నానికి ఎండకు సొల్యూషన్ కరిగి, అంత అందమైన టాపూ మా తమ్ముడి నెత్తిన ముసుగులా పడింది. వాడు ముసుగులోంచే నన్ను తిట్టాడు. మళ్లీ విప్పి, చీర అంచులతో కాజాలు కుట్టి, వాటిలోంచి పాత ఇనుప కమ్మీలు దూర్చి, ఈసారి బిగించి కట్టాం. అది ఇక ఊడలేదు.

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టుకు అందరికన్నా ముందు ఎక్కేది, మా ఆయనతో ఒకే బాయిలో ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దాయన. నేను అన్న అని పిలిచేదాన్ని. ఎక్కి, పైకి చూసి, టిఫిన్ డబ్బాతో సహా దిగిపోయాడు. ఆరేసిన ఆడవాళ్ల బట్టల కిందుగా నడవడానికే వెనకాడే మనుషులు వాళ్లు. పైగా అవి మొగుడు పోయిన ఆడదాని పెట్టెలోవి. బాయిలో దిగేటోళ్లం చెల్లె, గిట్ల ఎట్ల పోతం అన్నాడు. మిగతావాళ్లూ దిగారు. వాళ్ల భయాన్ని నేను ఎగతాళి చేయలేదు, ఎందుకంటే అదే భయంతో నేనెన్నో ఏళ్లు పొయ్యి ముందు కూర్చున్నాను. కానీ ఊరుకోలేదు కూడా.

"ఇవి నా పుట్టింటి నుంచి తెచ్చుకున్నయి కావు అన్నా, మీ ఇండ్లల్లకెల్లి వచ్చినయే. మీ ఆడోళ్లు నాకు బొట్టు వెట్టి ఇచ్చినయి. అప్పుడు మంచియి, నా పెనిమిటి పోంగనే చెడ్డయి అయినయా?"

అందరూ రోడ్డు దాకా నడిచి ఆటోలు పట్టుకున్నారు. ఆ రోజు వ్యాను ఖాళీగా తిరిగొచ్చింది, మర్నాడూ అంతే. పైన రెగ్జిన్ కప్పేద్దామక్కా, లోపల నీ గుడ్డ ఉంటే ఉంటది అని తమ్ముడు బతిమాలాడు. మా బావగారు కబురు పెట్టారు, బండి అమ్మేసి పిల్లను తీసుకుని తమ ఇంట్లో ఒక గదిలో ఉండమని. ఆ గది నాకు తెలుసు, అందులో ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు ముందుకు రాకూడదో కూడా తెలుసు. ఇంట్లో బియ్యం అడుగుకు వస్తున్నాయి. అయినా టాపు తీయనంటే తీయనన్నాను. కుక్క తోక వంకర అని తమ్ముడు గొణిగాడు, ఆ మాటకు నేను కోపం తెచ్చుకోలేదు.

మూడో రోజు ఆ అన్న భార్య వచ్చింది, నాకు వదిన. తను పెట్టిన రవిక కూడా ఆ టాపులో ఉందని విని, దాన్ని అప్పటికప్పుడు కోయించి తీసుకుపోవాలని కొంగు బిగించి మరీ వచ్చింది. చూసుకో పో అన్నాను. వ్యానెక్కి, సీటు మీద తల వెనక్కి వాల్చి, పైన ముక్క తర్వాత ముక్క చూసుకుంటూ పోయింది. చాలాసేపటికి లోపలి నుంచి కేక వినపడింది. చిలకపచ్చ మీద తెల్ల చుక్కల ముక్క దొరికింది. కానీ అది నాకు పెట్టింది కాదట, చివరింటామె కొత్త ఇంట్లో దిగిన రోజు తను ఆమెకు పెట్టిందట, కొని మరీ పెట్టిందట. ఇది నీ దగ్గరికి ఎట్ల వచ్చిందని నన్ను అడిగి, నా జవాబు వినకుండానే చివరింటామెను లాక్కొచ్చింది. ఆమె వచ్చి తల వాల్చి, తను వదిన కోడలికి పెట్టిన వంకాయరంగు ముక్కను కనిపెట్టింది. కాసేపట్లో వ్యాను చుట్టూ ఆడవాళ్లు. ఏళ్ల తరబడి ఎవరూ నోరెత్తని మర్యాద అంతా టాపు మీద బయటపడింది. మొదట కొట్లాడుకున్నారు, తర్వాత ఎవరు మొదలుపెట్టారో గానీ నవ్వు పుట్టింది. మా ఆయన పోయాక నేను గట్టిగా నవ్వింది ఆ రోజే.

మర్నాడు పొద్దున అన్న వచ్చాడు. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు. టాపు తలకు తగలకుండా తువ్వాల చుట్టుకుని ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన వెనక ఒక్కొక్కరే ఎక్కారు. ఎండాకాలం ముదిరేసరికి తువ్వాల తలమీది నుంచి భుజం మీదికి దిగింది. సిమెంటు సంచుల చలువ అట్లాంటిది. తెలంగాణ కోసం బాయిలన్నీ బంద్ అయిన రోజుల్లో, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినడానికి గిన్నెలతో, గరిటెలతో వీధి ఆడవాళ్లందరినీ మోసింది ఆ వ్యానే.

ఆ తర్వాత ఒక కొత్త పద్ధతి మొదలైంది. ఎవరింట్లో పండుగ, ఫంక్షన్ జరిగినా అందరికీ బొట్టు పెట్టి రవికలు పెట్టాక, చివర్న నా దగ్గరికి వచ్చి బొట్టు లేకుండా ఒక ముక్క చేతికిచ్చి, ఇది వ్యానుకు అనేవాళ్లు. ప్రేమతోనే ఇచ్చేవాళ్లు. చిరిగినచోట అవే అతికేదాన్ని. నేనూ ప్రతి ఫంక్షనుకు సంచిలో ఒక ముక్క పెట్టుకుని పోయేదాన్ని, పెట్టడానికి ధైర్యం చాలక అట్లాగే ఇంటికి తెచ్చుకునేదాన్ని.

రాష్ట్రం వచ్చిన ఏడాది వదిన తన పెళ్లయిన కూతురికి ఒడిబియ్యం పోసింది. మా తోటికోడలూ వచ్చింది. వదిన అందరికీ పెట్టి పెట్టి, నేను కూర్చున్న మూలకు వచ్చి ముక్క చాపింది, ఎప్పటి మాటే అంది. నా నోట్లోంచి ఎన్నాళ్ల నుంచో ఉన్న మాట బయటికి వచ్చింది.

"వ్యానుకు సాలు వదినె. నాకైతే బొట్టు వెట్టి ఇయ్యి, లేకుంటే తీస్కపో."

వదిన తల తిప్పి, ఒళ్లో బియ్యం మూటతో పీట మీద ఉన్న కూతుర్ని చూసింది. ఆ చూపులో ఉన్నది నామీద అసహ్యం కాదు, బిడ్డకు ఏమవుతుందోనన్న భయం. అది తెలిసి కూడా నేను మాట వెనక్కి తీసుకోలేదు. వదిన వేలు కుంకుమలో ముంచింది. బొట్టు కొంచెం వంకరగా పడింది. నేను లేచి, నా సంచిలోని ముక్క తీసి, అన్న కూతురికి మేనత్త పెట్టినట్టు ఆ పిల్లకు పెట్టాను. అది కొంగు పట్టి తీసుకుంది. మా తోటికోడలు నావైపు చూడలేదు, కానీ లేచి పోనూ లేదు.

వ్యాను ఆ మధ్యే తుక్కు కింద పోయింది. టాపు విప్పి దాచుకొమ్మని తమ్ముడంటే వద్దన్నాను, బండితోనే పోనిమ్మన్నాను. ఇప్పుడు రవిక ముక్కలు మెరిసే కవర్లలో వస్తున్నాయి, ఎవరు ఎవరికి పెట్టారో విప్పేదాకా తెలియదు, విప్పినా గుర్తుండదు. నాకు బొట్టు పెట్టడానికి పిల్లలెవరూ తడబడటం లేదు, అందుకు సంతోషమే. మొన్న ఒక పెళ్లిలో, ఈమధ్యే భర్త పోయిన ఒక చిన్నామె ఫంక్షన్ హాలు చివర కుర్చీ వెతుక్కుంటుంటే, చెయ్యి పట్టుకుని ముందు వరసకు తెచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎవరైనా ఏమైనా అంటారేమో, అంటే ఏమనాలో కూడా అనుకుని చుట్టూ చూశాను. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్కరైనా ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది.