మా ఇంటి చెయ్యి

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జులై నెలలో, తార్నాకలోని మా యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో ఫిజియోథెరపీ గది బాధ్యత నాకు అప్పగించారు. బాధ్యత అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు మంచాలు, కరెంటు పెట్టే యంత్రం, మేకుకు వేలాడే రబ్బరు పట్టీలు. హోదాలో నేను మెడికల్ ఆఫీసరు కింద. వ్యాయామం చెప్పగలను గానీ, రోగానికి పేరు పెట్టే అధికారం నాకు లేదు. ఆ పని డాక్టర్లది. ఎదురుగా కూర్చున్న మనిషి సంగతి నాకు అర్థమైపోయినా సరే, నోరు కట్టుకోవాలి. నా స్వభావానికి అది కొంచెం కష్టం.

ఆ వానాకాలంలోనే స్వప్న అనే రీసెర్చ్ స్కాలరు భుజం నొప్పితో వచ్చింది. లాలాపేట్‌లో భర్తతో, తల్లితో ఉంటుంది. బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడితే భుజం జారిందట. ఎవరు సరిచేశారని అడిగాను. తనే గోడకు ఆనించి ఎక్కించుకుందట, చిన్నప్పటినుంచీ అంతేనట. జడ వేసుకున్న సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

కీళ్లు ఎంత వదులో చూడ్డానికి మాకొక పరీక్ష ఉంది. చిటికెన వేళ్లు వెనక్కి వంగుతాయా, బొటనవేళ్లు ముంజేతికి ఆనుతాయా, మోచేతులూ మోకాళ్లూ వెనక్కి పోతాయా, మోకాళ్లు మడవకుండా ముందుకు వంగితే అరచేతులు నేలకు తగులుతాయా అని చూసి తొమ్మిదికి మార్కులు వేస్తాం. స్వప్నకు తొమ్మిదీ వచ్చాయి.

"నేనెప్పుడు ఫుల్ మార్కులు చూడలే మేడం" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. కీళ్లను పట్టి ఉంచే కణజాలమే పుట్టుకతో బలహీనంగా ఉండే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఎక్కువమందిని అవి నొప్పులతోనే వేధిస్తాయి. అరుదైన ఒక రకంలో మాత్రం రక్తనాళాలు కూడా చిరుగుతాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా అంటే, లేవంది. మెడికల్ ఆఫీసరు చేత చీటీ రాయిస్తాను, పెద్దాసుపత్రిలో జన్యుపరీక్షల విభాగానికి వెళ్లమన్నాను. అమ్మను అడిగి చెప్తానంది.

తర్వాతి వారం వాళ్లమ్మ యాదమ్మ కూడా వచ్చింది. వస్తూనే తన బొటనవేలు మణికట్టుకు ఆనించి చూపించింది. వాళ్ల పుట్టింట్లో పిల్లను బడిలో వేసే రోజు నానమ్మ బొటనవేలు వంచి చూస్తుందట. ఆనితే, మన ఇంటి చెయ్యి అని నోట్లో బెల్లం పెడుతుందట. నేను పాతికేళ్లకు పైగా జబ్బు గుర్తుగా చూస్తున్న దానికి అక్కడ బెల్లం పెడుతున్నారు.

పరీక్షలు మాత్రం వద్దంది. చిన్నకూతురికి సంబంధాలు చూస్తున్నారు, నలుగురికీ తెలిస్తే ఎలా అని ఆమె భయం.

"పేరు పెట్టిచ్చుకుంటే బీమారి అయితది మేడం. పేరు లేకుంటే గిది మా ఇంటి చెయ్యి, అంతే."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ సబబుగానే తోచింది. మామూలు రకానికి మందు లేదు. పేరు ఉన్నా లేకున్నా చేయించేది అవే వ్యాయామాలు. సరే, మీ ఇష్టం అనబోయాను. ఈలోగా యాదమ్మ ఆ చెయ్యి ఎవరెవరికి ఉందో మురిపెంగా చెప్పుకుపోతోంది. వాళ్ల నాయనకు, తమ్ముడికి, అక్క లక్ష్మికి. లక్ష్మి మొదటి కాన్పులోనే పోయిందట. రక్తం ఆగలేదట.

జబ్బులేమీ లేవన్నారు కదా అన్నాను. నా గొంతు లేచిందని నాకే తెలిసింది.

"కాన్పు బీమారి కాదు గద మేడం" అంది యాదమ్మ.

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న స్వప్న తలెత్తింది.

"అమ్మా, పెద్దమ్మ చెయ్యే నాకొచ్చిందంటవ్ గదా. నాకిప్పుడు మూడో నెల."

రక్తనాళాలు చిరిగే రకమే అయితే కాన్పు ప్రాణం మీదికి తెస్తుంది. కడుపుతో ఉన్న సంగతి నాకు చెప్పలేదేమని అడిగితే, భుజానికీ దానికీ ఏం సంబంధమనుకున్నానంది. చీటీ రాయించమని స్వప్నే అడిగింది. చెల్లెలి సంబంధం సంగతి తర్వాత చూసుకుందామని తల్లికి మెల్లగా చెప్పింది. ఆ పూటే మెడికల్ ఆఫీసరు దగ్గరికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను.

ఫలితం రావడానికి వారాలు పట్టింది. రక్తనాళాలు చిరిగే రకం కాదని తేలింది. మిగిలిన దానికి డాక్టర్లు ఒక పొడవాటి పేరు రాశారు. అది ముందే తెలియడంతో కాన్పుకు రక్తం సిద్ధంగా ఉంచారు, తుంటి కీళ్లు జారతాయని కాళ్లు మరీ ఎడం చేయకుండా జాగ్రత్తపడ్డారు. తల్లీ పిల్లా క్షేమం.

ఆ సంగతి చెప్పడానికి వచ్చిన యాదమ్మ వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మరి మా అక్క ఎందుకు పోయింది మేడం?"

అప్పుడు ఎవరూ పరీక్ష చేయలేదు, ఇప్పుడు చేయడానికి ఏమీ మిగల్లేదు. తెలియదని చెప్పాను.

ఆ గదిలోకి కొత్తగా పనికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంట్లో జబ్బులున్నాయా అని అడగొద్దు, లేవనే అంటారు. చిన్నవయసులో ఎవరు పోయారో, ఎలా పోయారో అడగండి.