అమావాస్య నాడు తీగ పీకిన వేళ

ఈ రోజు పొద్దున తొమ్మిదింటికి డైరీలో తేదీ పక్కన ‘మబ్బు, గాలి లేదు’ అని రాస్తుండగా వనపర్తి నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. గద్వాలలో మగ్గం పని చేసే ఇంటికి ఇచ్చిన మా అక్క కూతురామె. “మామా, మన దవాఖాన పాత మిషన్లు రెండింటిని పదకొండింటికి బంద్ చేస్తున్నం. రికార్డంత కొత్తవాటిల్లకు ఎక్కించినం. ఇయ్యాల అమావాస్య గద, అందుకే ఇయ్యాల పెట్టుకున్నం” అంది. మంచిదమ్మా, రాసుకుంటానన్నాను. “ఆగు ఆగు, ఇప్పుడే రాయకు. బంద్ అయినంక నేనే చెప్త, అప్పుడు రాయి” అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకు కారణం నా బీరువాలో మూడో అరలో, పన్నెండేళ్ల కిందటి డైరీలో ఉంది. ఫోన్ పెట్టేసి దాన్ని తీసి దుమ్ము దులిపాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో మూడు చిన్న దవాఖానలు నడిపే ఒక ట్రస్టులో నేను అప్పట్లో రికార్డు గది సూపరింటెండెంటును. రోగుల చీటీలు, రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు కంప్యూటర్‌లోకి ఎక్కిన రోజులవి. మూడు ఊళ్లకూ కలిపి వనపర్తిలో, ఒకప్పుడు మందుల పెట్టెలు దాచిన ఏసీ గదిలో, రికార్డంతా దాచే రెండు పెద్ద కంప్యూటర్లు, యూనిక్స్ సర్వర్లు, పెట్టారు. వాటిని చూసుకోవడానికి ఏడాది ఒప్పందం మీద వచ్చింది మా మేనకోడలు. ఆఫీసులో నన్ను ‘సార్’ అనేది, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయగానే ‘మామా’ అనేది. మూత మళ్లీ పెట్టగానే నేను తిరిగి సార్‌నయ్యేవాణ్ణి. నా ముందు కుర్చీలో కూర్చుని జొన్నరొట్టె తుంచుతూ “నీ అక్షరం మంచిగుంటది గానీ మామా, రోజూ ఎండ కొట్టింది, వాన పడ్డది అని రాసుడేంది? నువ్వేమన్న వాతావరణ శాఖనా?” అని ఏడిపించేది.

ఆ సర్వర్లను ఆమె జోన్లుగా విడదీసింది. జోన్ అంటే ఏమిటో ట్రస్టు పెద్ద డాక్టరుకు ఆమె చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. “ఒక ఇంట్ల మూడు వాటాలు అనుకోండ్రి సార్. ఒకటి గద్వాలకు, ఒకటి వనపర్తికి, ఒకటి నాగర్‌కర్నూల్‌కు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. ఇల్లు మొత్తం నాదే అనుకుంటది ప్రతి వాటా.” ఆయన కళ్లజోడు పైకి జరిపి “ఒకళ్ల కూర వాసన ఇంకొకళ్లకు పోదా?” అన్నాడు. “పోదు సార్. గద్వాలల ఏమన్న చెడిపోయినా నాగర్‌కర్నూల్‌కు తెల్వనే తెల్వదు.” మరి రెండో యంత్రం ఎందుకని ఆయన అడిగితే, రెండింటినీ క్లస్టర్‌గా జతచేశానని, ఈ ఇల్లు కూలితే మూడు వాటాలూ వెంటనే పక్కింట్లో లేస్తాయని, సామాను రెండిళ్లకూ అందే డిస్కులో ఉంటుందని చెప్పింది. “చెప్పుడు కాదు, చూపియ్యాలె. చూపిస్తే పని నీదే. లేకుంటే వచ్చే నెల నుంచి హైదరాబాద్ కంపెనీకి అప్పజెప్త” అన్నాడాయన. కటువుగా అనలేదు, కానీ ఆయన అన్న మాట తప్పే మనిషి కాదు.

ఆమె పరీక్షకు అమావాస్య రోజును ఎంచుకుంది. మా వైపు అమావాస్య నాడు ప్రాణం మీదకు వస్తే తప్ప దవాఖాన మెట్లెక్కరు. బయట బెంచీలు ఖాళీగా ఉంటాయి, ఏదైనా ఆగినా రోగులు పరేషాన్ కారు. మంచి పని అమావాస్య నాడా అని నర్సులు గొణిగారు. “మంచి పని కాదక్కా, మిషన్‌ను చంపే పని” అని వాళ్ల నోళ్లు మూయించింది. ఆ రోజు డాక్టర్లందరి బల్లల మీద కాగితపు చీటీలు కూడా ముందే పెట్టించింది. ఈ ముందుచూపు ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే కాదు.

ఆమెకు సాయంగా ఇంకొకరు ఆ పని తెలిసినవాళ్లు ఉండాలని ట్రస్టు అంటే, ఎవరూ ముందుకు రాక నేనే నేర్చుకున్నాను. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. ఆమె చెప్పిన ఆదేశాలన్నీ డైరీలో గుండ్రని అక్షరాలతో ఎక్కించుకుని, చూసి ఒక్కొక్క వేలితో కొట్టేవాణ్ణి. పరీక్షకు ముందు మంగళవారం వనపర్తి జోన్‌కు ఎక్స్‌రే ఫొటోల కోసం కొత్త డిస్కు జతచేయాల్సి వచ్చింది. ఆ సంగతి రెండు యంత్రాలలోనూ విడివిడిగా నమోదు చేయాలి. ఆ పని నాకు అప్పగించి ఆమె గద్వాల వెళ్లింది. నాకొక పాత అలవాటు ఉండేది. ఆ రోజు చేయవలసినవన్నీ పొద్దున్నే ‘చేశాను’ అని డైరీలో రాసేసి, సాయంత్రంలోగా ఆ రాతను నిజం చేసేవాణ్ణి. ముప్పై ఏళ్లలో ఒక్క రాత కూడా అబద్ధం కాలేదని నా గర్వం. ఆ మంగళవారం మొదటి యంత్రంలో పని ముగించాను. ఇంతలో పెద్దమందడి నుంచి ఒక రైతు వచ్చి తన తల్లి పాత ఫైలు కావాలన్నాడు. దాన్ని వెతికేసరికి సాయంత్రమైంది. రెండో యంత్రం సంగతి మరిచిపోయాను.

అమావాస్య నాడు పదకొండింటికి ఆమె మొదటి యంత్రం కరెంటు తీగ చూపించి “మీరే పీకండి సార్” అంది. వందల కడుపులు కోసిన పెద్ద డాక్టరు “ఇదేనా?” అని రెండుసార్లు అడిగాడు. పీకాడు. గదిలో సగం హోరు ఆగిపోయింది. రెండో యంత్రం తెరమీద రెండు నిమిషాల్లో గద్వాల లేచింది, నాగర్‌కర్నూల్ లేచింది. వనపర్తి లేచినట్టే లేచి పడిపోయింది. కింద నుంచి నర్సు పరుగెత్తుకొచ్చి “అక్కా, చెయ్యి విరిగినాయన వచ్చిండు, ఎక్స్‌రే కనిపిస్తలేదు, డాక్టర్ సారు లొల్లి చేస్తుండు!” అంది. మా పిల్ల కంగారు పడలేదు. “ఫిల్ము చూడమను అక్కా, చీటీ మీద రాయమను” అని చెప్పి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని తెరమీద ఉన్నదంతా పై నుంచి కిందికి చదివింది. తరువాత “సార్, ఎక్స్‌రే డిస్కు రెండింట్ల పెట్టినం గద?” అని అడిగింది. నేను డైరీ తెరిచి అందరికీ వినపడేలా చదివాను. ‘మంగళవారం. రెండు యంత్రాలలోనూ నమోదు చేశాను.’ చివరి మాట దగ్గర నాకు ఆ రైతు ముఖం కళ్లముందు కదిలింది.

ఆమె రెండో యంత్రంలో చూసింది. ఆ నమోదు లేదు. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ వివరం చేర్చి మళ్లీ లేపితే వనపర్తి నిలబడింది. “ఏమైంది?” అన్నాడు పెద్ద డాక్టరు. “దీంట్ల ఒక లైను లేకుండె సార్. నేను చూసుకోలేదు, నాదే తప్పు” అంది. తన మరో ఏడాది బతుకు ఆ మాటలో ఉందని ఆమెకు తెలుసు. నాకు పదవీ విరమణకు ఎనిమిది నెలలే ఉంది. లేచి, “తప్పు నాది సార్. చేయకుండానే చేసినట్టు రాసిన” అని డైరీ ఆయన చేతికిచ్చాను. ఆయన ఆ లైను చదివి, “నీ రాత మీద గిన్నేండ్లు సంతకాలు పెట్టిన గదనయ్యా!” అన్నాడు. తరువాత ఆమె వైపు తిరిగి “నీ తప్పని ఎందుకు చెప్పినవ్ మరి?” అని అడిగాడు. “మిషన్‌ను అడగకుండ రాతను నమ్మిన సార్. అది నా తప్పే గద” అంది. ఆయన కాసేపు డైరీ అట్ట మీద వేళ్లతో తట్టి, “పెట్టు మళ్ల. ఇంకోసారి పీకుత” అన్నాడు. ఆమె మొదటి యంత్రాన్ని లేపి, మూడు జోన్లనూ దాని మీదికి తిరిగి చేర్చి, అదే తీగ మళ్లీ చూపించింది. ఈసారి మూడూ నిలబడ్డాయి. మరో ఏడాది ఒప్పందం కాగితం మీద ఆయన ఆ గదిలోనే సంతకం చేశాడు.

ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీసి “ఏం మామా, రేపు తినే రొట్టె ఇయ్యాలనే తిన్న అని రాసినవా?” అంది. అదే నాకు పడిన శిక్ష. ఆనాటి నుంచి ప్రతి అమావాస్యకూ ఆమె జోన్లను ఒక యంత్రం నుంచి ఇంకొక యంత్రానికి మార్చి చూసేది, బాగున్నప్పుడే చూడాలని. నేను పక్కన కుర్చీ వేసుకుని, మూడూ నిలబడ్డాకే కలం తీసేవాణ్ణి. ఆ పాత లైనును కొట్టేయలేదు, ఇప్పుడూ అలాగే ఉంది.

పదకొండూ ఇరవై అయింది. ఫోన్ ఇంకా మోగలేదు. ఈనాటి పేజీలో వాతావరణం కింద ఖాళీ ఉంది. అచ్చువేసిన డైరీలో ఏడాది చివరి దాకా రోజులన్నీ ముందే వచ్చి కూర్చుంటాయి, మన దగ్గరికి మాత్రం అవి ఒక్కొక్కటిగానే వస్తాయి. వచ్చేదాకా కలానికి మూత పెట్టి ఉంచాలని తెలుసుకోవడానికి నాకు యాభై ఏడేళ్లు పట్టింది.