తెగినకాడ ముడేసి: మనవరాలి జర్మన్ పరీక్ష

"రేపటి పరీక్షకు నేను పోనంటే పోను, అమ్మమ్మా!"

"ఎందుకు పోవే? చదువుడు, రాసుడు, వినుడు, మూడు పాసైతివి. మాట్లాడుడు ఒక్కదానికి ఏం రోగమొచ్చింది?"

"నోరు తిరుగుతలేదు. నీకేం తెలుస్తది, మూడో తరగతి చదివినదానివి!"

"పొద్దుగాలసంది జెప్పిందే జెప్తున్నవ్. ఆ మొదటి ముక్క నాకు గూడ ఒచ్చింది. నేను పోయి జెప్పనా?" అని, విన్నది విన్నట్టు జర్మన్‌లో ఒప్పజెప్పాను.

మనవరాలు నవ్వలేదు. గదిలోకి పోయి తలుపు వేసుకోబోయింది. అడ్డం నిలబడ్డాను.

జర్మనీ యూనివర్సిటీలో సీటు కావాలంటే ఆ భాషలో నాలుగు పరీక్షలూ నెగ్గాలట. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో ఏడాది నేర్చుకుంది. ఈ ఒక్కటి తప్పితే ఈసారి దరఖాస్తు పెట్టడానికే లేదు.

భాష నాకు రాదు కానీ చిక్కెక్కడో తెలిసింది. మధ్యలో ఒక్క మాట అందకపోతే చాలు, ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది. నేను పోచంపల్లిలో మగ్గం పక్కన పెరిగినదాన్ని.

"పోగు తెగితే ఏం జేస్తరే? తెగినకాడ ముడేసి ముందుకు నేస్తరు. చీరంత ఇప్పి మళ్ల మొదలువెడ్తరా ఎవరన్న?"

పొట్లాలకు కట్టిన దారం నేను పారేయను, ఉండ చుట్టి దాస్తాను. అది తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఆగినప్పుడల్లా ఒక ముడి వేసి "పో ముందుకు" అన్నాను. వెనక్కి మళ్లితే మోకాలి మీద ఒకటి చరిచాను. మొదటిసారి పద్దెనిమిది ముళ్లు. రెండోసారి పన్నెండు. మూడోసారి ఏడే ఏడు, చివరిదాకా చెప్పేసింది! నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాను. ఇద్దరం లేచి నిలబడ్డాం. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చినా కదల్లేదు. నా చేతిలో పప్పు మాడటం అదే మొదలు.

"ఇంకోసారి జెప్పనా?" అంది తనే.

మర్నాడు పొద్దున ఎల్బీనగర్‌లో మనవరాలు ఆటో పిలవబోతే చెయ్యి పట్టి ఆపి, ఆడవాళ్లకు టికెట్ లేని బస్సెక్కించాను. ఆమె పరీక్ష గదిలోకి పోయింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. బయటికి వస్తూనే నాలుగు వేళ్లు చూపించింది.

"నాలుగు ముళ్లు పడ్డయి, అమ్మమ్మా. ఎనక్కి ఒక్కసారి గూడ పోలే."