పుంటికూర బర్గర్ అన్నమా, టిఫినా?

ఎనిమిదో తరగతి నాకు ఎంత నచ్చిందంటే రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదువుదామనుకుంటే హెడ్మాస్టరు మా నాన్నను పిలిచి, మిగతా పిల్లలకు కూడా బెంచీ మీద చోటు కావాలి కదా అన్నాడు. అట్లా నా చదువు పూర్తయింది. తరువాత దుబాయిలో ఒక బర్గర్ల హోటల్లో తొమ్మిదేళ్లు బొగ్గుల ముందు నిలబడ్డాను. మాడినవి తిన్నాను, మాడనివి అమ్మాను. తిరిగొచ్చి కోరుట్లలో బస్టాండు దగ్గర సొంత దుకాణం తెరిచాను.

మొదటి నెల జనం బర్గర్‌ను విప్పి చూసేవారు. పై రొట్టె ఒక పక్క, కింది రొట్టె ఒక పక్క పెట్టి, నడుమ ఉన్న కోడిని కూర లెక్కన తిని, "శేర్వా ఏదన్నా?" అని అడిగేవారు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ లేకుంటే మొహం ముడుచుకునేవారు. దాంతో దుబాయి సాసులన్నీ అటకెక్కించి, బొగ్గుల మీద కాల్చిన కోడికి పుంటికూర పచ్చడి, అదే గోంగూర పచ్చడి, పట్టించి బర్గర్ చేశాను. ఆలోచన నాదేనని ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి అది మా అక్క కొడుకుది. పుంటికూర నూరేది, కోడి కాల్చేది, రొట్టె వేడిచేసేది అంతా వాడే. నేను ముందర కుర్చీలో కూర్చుని మాట్లాడతాను. మాట్లాడటం కూడా పనే, కానీ అక్క ఒప్పుకోదు.

ఆ మేనల్లుడికి ముప్పై దాటింది. పెళ్లి కుదరడం లేదు. "ఓటల్ల వంట చేస్తడట" అని వినగానే ఆడపిల్లవాళ్లు చల్లబడిపోయేవారు. జగిత్యాల నుంచి వచ్చిన ఒక సంబంధం మాత్రం అచ్చంగా నావల్లే పోయింది. "పిలగానికి తాగే అలవాటున్నదా?" అని వాళ్లడిగితే, "నేను మిగిలిస్తె కద వానికి" అన్నాను. నవ్వుతారనుకున్నాను. చాయ్ కప్పులు నిండుగా ఉండగానే లేచిపోయారు. అక్క నాతో పదిరోజులు మాట్లాడలేదు.

అందుకే సిరిసిల్ల సంబంధం వచ్చిన రోజు పొద్దున్నే నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, వాడు పైకి అంటలేడు గని మస్తు రంది పడుతున్నడు. గీ సంబంధం గూడ పోతె ఇగ చూడొద్దంటడు. ఇయ్యాల్టికి నీ నోటికి తాళమెయ్యి."

"తాళంచెవి నీ దగ్గర్నే పెట్టుకో అక్కా" అన్నాను.

"సూడు, అప్పుడే మొదలుపెట్టినవు!"

అమ్మాయి సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. ముందుగా ఇల్లు చూడటానికి ఆమె నాయనమ్మ, మేనమామ వచ్చారు. మేనమామ సాంచెలు నడిపే మనిషి. ఎప్పుడూ ఆ మరమగ్గాల చప్పుడులో ఉంటాడు కాబట్టి, పక్కన కూర్చున్నవాళ్లతో కూడా వీధి అవతల ఉన్నట్టే అరిచి మాట్లాడతాడు. ఇల్లు చూశారు, బోరు చూశారు. ఆఖరికి పిలగాడు పనిచేసే చోటు చూస్తామన్నారు. అక్క, నేను వాళ్లను దుకాణానికి తీసుకొచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. బొగ్గుల మీద కోడి చిటపటమంటోంది. మేనమామ మాటలు మాతోనే ఉన్నాయి కానీ కళ్లు అటే పోతున్నాయి.

మా దిక్కు ఒక పద్ధతుంది. మాట కుదరకముందు ఆడపిల్లవాళ్లు అబ్బాయివాళ్ల అన్నం ముట్టరు. చాయ్ తాగొచ్చు, బిస్కెట్ తినొచ్చు. ముద్ద నోట్లో పెట్టారంటే మాత్రం సంబంధానికి సరేనన్నట్టే.

"చాయ్ తాగుతం. అన్నం జోలికి రాం" అని మేనమామ ముందే అరిచాడు. కాసేపాగి, కొంచెం తగ్గి అడిగాడు: "అన్నా, గీ బర్గరన్నది అన్నం కిందికి వస్తదా, టిఫిన్ కిందికి వస్తదా?"

నా దుకాణం గోడ మీద అడుగడుగంత అక్షరాలతో "ఒక్కటి తింటే పూట భోజనం" అని నేనే రాయించాను. మా అల్లుడు ఏమీ తెలియనట్టు వెళ్లి ఆ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడు పొడుగే గానీ అంత వెడల్పు లేడు. "భోజ" అన్న రెండక్షరాలు మాత్రం కప్పాడు.

పొద్దున్నుంచి బస్సుల్లో పడి వచ్చిన మనుషులు. ఆకలితో పంపబుద్ధి కాలేదు. "టిఫిన్ కూడ కాదే అన్నా, గట్టిగ మాట్లాడితె బిస్కెట్ లెక్క" అన్నాను. తొమ్మిదేళ్ల దుబాయి అనుభవాన్ని నా నోటితో నేనే బిస్కెట్ చేసుకున్నాను.

నేను తెచ్చి పెట్టిన బర్గర్‌ను ముసలమ్మ విప్పింది. వేలితో పచ్చడి నాకింది. "ఎల్లిపాయ దంచి ఏసినవా, కోసి ఏసినవా?" అని అడిగింది.

"దంచే ఏసిన అవ్వా" అన్నాడు అల్లుడు గోడ దగ్గర్నుంచి కదలకుండా.

"మెంతులు?"

"వేయించి, జరంత."

ముసలమ్మ తలూపి, రొట్టెలో ఉల్లిగడ్డ పెట్టుకుని మొత్తం తినేసింది. మేనమామ ఒకటి ముగించి, "బిస్కెటే గద, ఇంకోటి తే" అన్నాడు. అల్లుడు తేవడానికి కదిలాడు. గోడ బయటపడింది. మేనమామ నములుతూ నములుతూ చదివాడు. నమలడం ఆగిపోయింది.

"ఏందే గిది! భోజనమట! మాట కుదరకముందే మాతోని అన్నం తినిపిస్తరా? మోసం గాదా?"

ఈసారి నిజంగానే వీధి అవతలికి వినపడింది. అక్క మొహం తెల్లబోయింది.

ముసలమ్మ మేనమామను చేత్తో ఆపి, మా అల్లుడిని పిలిచింది. "నువ్వు చెప్పు కొడుకా. గిది అన్నమా, టిఫినా?"

వాడు నా వైపు చూడలేదు. "అన్నమే అవ్వా. మీరు ఆకలితోని పోతరని మా మామ అబద్ధమాడిండు. నేను చేసేది బిస్కెట్ అంటె మాత్రం నేనొప్పుకోను."

ఇక ఈ సంబంధం కూడా బస్సెక్కిందనుకున్నాను. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ముసలమ్మ నీళ్లు తాగి, మూతి తుడుచుకుంది.

"అడిగితె నిజం చెప్పిండు, పనిని చిన్నజేసి చెప్పలేదు. ఇగ దాచుడెందుకు, అన్నం తిన్నం. నా మాటైతె సరే. కాని పెండ్లి నాకు గాదు. పోరి వచ్చి చూస్తది, మాట్లాడుతది. దానికి నచ్చితెనే."

ఆ తరువాతి ఆదివారం అమ్మాయి వచ్చింది. అక్క నన్ను దుకాణం బయటే కూర్చోబెట్టింది. లోపల వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. నవ్వులు వినపడ్డాయి. తరువాత ఆమె బొగ్గుల దగ్గర నిలబడి, వాడు చేసిచ్చిన బర్గర్‌ను విప్పకుండా రెండు చేతులతో పట్టుకుని తినడం అద్దంలోంచి చూశాను. అక్క నా వైపు తిరిగి తలూపింది. ఆమెకు సమ్మతమేనట.

అంతే, నా నోటి తాళం ఊడిపోయింది. అమ్మాయి బయటికి రాగానే అడిగాను: "నిజం చెప్పు బిడ్డా, మా వాణ్ని చూసి ఒప్పుకున్నవా, వాని కోడిని చూసి ఒప్పుకున్నవా?"

ఆమె చెప్పులు వేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది:

"రెండిటిని చూసే ఒప్పుకున్న మామా. ముందుగాల మీ మాటలు వినుంటె ఇంకో నెల టైమడిగేదాన్ని."