ప్రాసెసర్‌లో పలికిన కంబళి సౌండు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే "సరే, టీ తాగుదాం పద" అని లేచిపోయే రకం నేను. మదనపల్లె టమోటా మండీలో పని చేసేవాడిని. కోడి కూయకముందే చీకట్లో ఒక్కడినే సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడిని. ఎన్నడూ ఏదీ నా దారికి అడ్డం రాలేదు, కుక్కలు తప్ప. కాబట్టి ఇది చదివి నన్ను ఆ బాపతు మనుషుల్లో జమకట్టకండి. పైగా ఇది చీకట్లో జరిగింది కాదు. కుప్పంలో, మిట్టమధ్యాహ్నం, ఎండలో, నలుగురి ముందు జరిగింది.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి రోజులు. పొద్దున మండీ, సాయంత్రమైతే గిటార్. మదనపల్లెలో డేవిడ్ అన్న నడిపే ఆర్కెస్ట్రాలో నేను లీడ్ గిటార్ వాయించేవాడిని. పెళ్లిళ్లు, జాతరలు, కాలేజీ ఫంక్షన్లు, ఎవరు పిలిస్తే వాళ్ల ఊరికి వ్యాన్ ఎక్కేవాళ్లం. డేవిడ్ అన్నది కీబోర్డు. మనిషి మంచివాడే, నోరు మాత్రం పచ్చి మిరపకాయ.

నాకు గిటార్ నేర్పింది మా మేనమామ చౌడప్ప. ఆయన సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

తొంభైలలో మామ పుంగనూరులో ఒక రేడియో రిపేరు షాపులో పని చేసేవాడు. పాత రేడియోల్లోని వాల్వులు పీకి, ప్లైవుడ్ పెట్టె కట్టి, తన గిటార్‌కి ఆంప్లిఫయర్ తనే తయారు చేసుకున్నాడు. ఒకసారి కలికిరిలో పెళ్లికి పోతుంటే బస్సు టాపు మీద ఆ పెట్టె దొర్లి, స్పీకరు కాగితం చిరిగింది. ప్రోగ్రాం ఆ సాయంత్రమే. మాది గొర్రెలు కాసుకుంటూ కంబళ్లు నేసే కుటుంబం. కంబళి బిరుసుగా నిలవడానికి చింతగింజలు ఉడికించి, ఆ గంజి పూస్తారు. మా బంధువుల ఇల్లు కలికిరిలోనే ఉంది. మామ వాళ్లింటికి పోయి, పొయ్యి మీదున్న చింతగింజల గంజి తీసుకుని, చిరిగిన చోట గుడ్డముక్క అతికించి, ఎండలో ఆరబెట్టాడు.

ఆ అతుకుతో సౌండే మారిపోయింది. వెచ్చగా, కొంచెం గరుకుగా, గొంతు బొంగురుపోయిన మనిషి ప్రేమగా పిలిచినట్టు పలికేది. ఐదో తీగ మీద ఒకే ఒక్క స్వరం దగ్గర మాత్రం ఆ అతుకు అదిరి సన్నగా గరగరలాడేది. వేరేవాళ్లయితే ఆ స్వరాన్ని తప్పించుకుని వాయిస్తారు. మా మామ కావాలనే దాన్ని పట్టుకుని సాగదీసేవాడు. జనం దానికి "కంబళి సౌండు" అని పేరు పెట్టారు. మొదట ఎగతాళికే పెట్టారు. తర్వాత తర్వాత అదే అడిగి మరీ వాయించుకున్నారు.

మామ కామెర్లతో పోయాడు. పోయే వయసు కాదు. ఆ పెట్టె పెద్దతిప్పసముద్రంలో మామ భార్య, మా నారాయణమ్మత్త దగ్గర ఉండిపోయింది. కప్పు కారి స్పీకరు నాని పిండైపోయింది. వైర్లు ఎలుకలు కొరికాయి. చివరికి అత్త లోపలి సామానంతా పీకి పారేసి, పెట్టెలో వరిగడ్డి పరిచి, కోడిని పొదుగుకు కూర్చోబెట్టింది. ఇది విన్న మాట కాదు. ఆ కోడి నా చేతిని పొడిచింది కూడా.

ఇక నా సంగతికి వస్తాను. బెంగళూరులో సెకండ్ హ్యాండులో ఒక డిజిటల్ మోడలర్ కొన్నాను. మేం దాన్ని ప్రాసెసర్ అనేవాళ్లం. కాళ్ల దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె అది. విదేశాల్లో పేరుమోసిన గిటార్ ఆంప్లిఫయర్లు ఎలా పలుకుతాయో, వాటి స్పీకర్లు ఎలా మోగుతాయో, ఆ నకళ్లన్నీ అందులో ఉంటాయి. బటన్ తిప్పితే ఒక ఆంప్లిఫయరు, ఇంకాస్త తిప్పితే ఇంకొకటి. గిటారిస్టుకి అంతకన్నా ఏం కావాలి?

నెలల తరబడి ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాంతోనే కాపురం చేశాను. బేసు పెంచాను, ట్రెబుల్ పెంచాను, మధ్యది తగ్గించాను, గరుకుదనం పెంచే గెయిన్ బటన్‌ను చివరిదాకా తిప్పాను. చెవుల్లో స్వర్గమే. స్టేజీ మీదికి పోయి వాయిస్తే మాత్రం తేనెతుట్టె కదిపినట్టు జుయ్యిమనేది, లేదంటే డ్రమ్స్ మోగగానే అసలు వినబడకుండా పోయేది. పుంగనూరులో ఒక పెళ్లిలో అయితే పరువు గంగలో కలిసింది. పాట మధ్యలో డేవిడ్ అన్న నా వైపు తిరిగి, మైకులో వినబడేటట్టే అన్నాడు.

"రమణా, గిటారు వాయిస్తాండావా, రేకుల షెడ్డు మీద మేకుతో గీకతాండావా?"

పెళ్లివాళ్లంతా నవ్వారు. వ్యాన్ ఎక్కాక ఆయన ఇంకో మాట చెప్పాడు, ఈసారి నవ్వకుండా.

"కుప్పం జాతర ప్రోగ్రాం సూస్తా. ఆడ కూడా ఇట్లనే ఉంటే గిటారు ముక్కలు నా కీబోర్డులోనే వాయించుకుంటా. దాంట్లో గిటారు సౌండు ఉండాది గదా. నువ్వేమీ అనుకోగాకప్పా."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? అప్పటికే చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో గిటారిస్టులను ఒక్కొక్కరినే ఇంటికి పంపించేశారు. గిటార్ పోతే నాకు మిగిలేది టమోటా గంపలే. అంతకంటే నాకు ఎక్కువ మండింది ఇంకొకందుకు. మా మామ ఒక చిరుగు స్పీకరుతో జనాన్ని కూర్చోబెట్టాడు. నా దగ్గర ప్రపంచంలోని ఆంప్లిఫయర్లన్నీ ఉన్నాయి, ఒక్కడూ వినడం లేదు. ఆ వారమంతా అన్నం సహించలేదు.

కుప్పంలో స్కూలు మైదానంలో స్టేజీ. మధ్యాహ్నం భోజనాలు కాకముందే నేను చేరుకున్నాను. మైకుసెట్టు మస్తాన్ అప్పుడే బాక్సులు దించుతున్నాడు. ఈసారి పంతం పట్టి, అంతా మొదటి నుంచి మొదలుపెట్టాను.

అప్పటిదాకా ప్రాసెసర్ వైరు తీసుకుపోయి స్టేజీ మీదున్న గిటార్ ఆంప్‌లో పెట్టేవాడిని. అంటే ఆంప్లిఫయర్ నకలును మళ్లీ ఇంకో ఆంప్లిఫయర్‌లో పోయడం. సాంబారులో సాంబారు పోసి రసం కావాలంటే ఎలా? ఆ ఆంప్‌ను పక్కకు నెట్టేసి, వైరు నేరుగా మస్తాన్ మిక్సర్‌లోకి ఇచ్చాను. ప్రాసెసర్ లోపలి స్పీకరు నకలు ఆన్ చేశాను. ఎకో, రెవర్బ్ అన్నీ ఆపేశాను. సెట్టింగులు దాచుకునే నంబర్లలో ఖాళీగా ఉన్నది ఒకటి ఎంచుకుని, గెయిన్ సగానికి దించాను, బేసు కోశాను, ట్రెబుల్ కోశాను, ఇన్నాళ్లూ నేను తగ్గించిన మధ్యదాన్ని పైకి లేపాను. హెడ్‌ఫోన్స్ సంచిలోంచి తీయనే లేదు. పొడుగు వైరు వేసుకుని స్టేజీ దిగి, జనం కూర్చునే చోట నిలబడి వాయించాను. డ్రమ్మర్‌ను బతిమాలి పక్కన కొట్టించుకున్నాను.

ఎండలో అలా స్టేజీ ఎక్కుతూ, దిగుతూ, ఒక్కో బటన్ కాస్త కాస్త తిప్పుతూ చాలాసేపు గడిపాను. సౌండు మెల్లగా దారిలోకి వచ్చింది. జుయ్యి పోయింది. డ్రమ్స్ పక్కన కూడా వినబడుతోంది. పాస్ మార్కులు వచ్చినట్టే అనిపించి, ఆ సెట్టింగ్ సేవ్ చేశాను. ఇక్కడిదాకా వింత ఏమీ లేదు. అంతా నా చెవులు, నా కష్టం.

అప్పుడు కరెంటు పోయింది. మస్తాన్ జనరేటర్ వేశాడు. ప్రాసెసర్ మళ్లీ ఆన్ అయింది. తెర మీద అవే అంకెలు, నేను సేవ్ చేసినవే. గిటార్ మీద చెయ్యి వేశాను.

బాక్సుల్లోంచి మా మామ పలికాడు.

దీన్ని ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. ఆ వెచ్చదనం, ఆ బొంగురు. నిజమో భ్రమో తేల్చుకోవడానికి ఒకటే దారి. ఐదో తీగ మీద ఆ స్వరం పట్టుకున్నాను. గరగరమంది. పక్క స్వరం పట్టుకున్నాను, శుభ్రంగా ఉంది. మళ్లీ దాని మీదికి వచ్చాను, గరగర.

"బాక్సు జాలీ లూజయినట్టుండాదన్నా" అని మస్తాన్ వెళ్లి బాక్సును రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. గరగర ఆగలేదు. ఆ బాక్సు ఆపేసి అవతలిది పెట్టాడు. అందులోనూ అంతే. అదే స్వరం కీబోర్డులో కొట్టించాను. ఏమీ లేదు. జనరేటర్ వల్లేమో అనుకుంటే, కాసేపటికి కరెంటు వచ్చింది, జనరేటర్ ఆపేశారు. సౌండు మాత్రం చెక్కుచెదరలేదు.

నేను ఇంకా ఆ స్వరాన్ని పట్టుకునే ఉన్నాను. మైదానం గేటు దగ్గర నుంచి ఒక ఆడమనిషి ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని, స్టేజీ వైపు గబగబా నడిచి వస్తోంది. నారాయణమ్మత్త. జాతరకి కుప్పంలో వాళ్ల చెల్లెలింటికి వచ్చిందట. ఆ ప్రోగ్రాం మాదని ఆమెకు తెలీదు. రోడ్డు మీద పోతూ విని వచ్చింది. వచ్చి నన్ను పలకరించలేదు. నా వెనక, స్టేజీ కింద, బాక్సుల పక్కన అన్నీ వెతికింది.

"ఏందత్తా, ఏం ఎతకతాండావు?"

"మీ మామ పెట్టె యాడప్పా?"

"ఆ పెట్టె మీ ఇంట్లోనే ఉండాది గదత్తా."

"నాకు తెల్దా? పొద్దున్నే కోడికి గింజలేసి వస్తి." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి ఆ సద్దు యాడిది, రమణా?"

నేను కాళ్ల దగ్గరున్న చిన్న పెట్టె చూపించాను. అత్త వంగి దాన్ని చూసింది, ముట్టుకోలేదు. తర్వాత ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లనీళ్లు కారుతున్నా నవ్వుతోంది.

"యాల నిలిపేస్తివి? వాయించు."

తర్వాత నేను చేసిన పరీక్షలు కూడా చెప్పేస్తాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. మంచి సౌండే, కానీ గరగర లేదు. స్టేజీ మీద పెడితే ఉంది. పాత ఓనరు ఎవరో పెట్టిన సెట్టింగ్ ఏమో అనుకోవడానికీ లేదు, కొన్న రోజే అన్నీ చెరిపేసి ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి తెచ్చాను. బెంగళూరులో మెకానిక్‌కి చూపించాను. లోపల ఏ తేడా లేదన్నాడు. "మళ్లీ ఒకసారి రీసెట్ కొట్టి చూద్దామా?" అన్నాడు. నేను పెట్టె లాక్కుని బస్సెక్కాను. చింతగింజల గంజితో అతికించిన స్పీకరు నకలు ఏ దేశపు కంపెనీ తీసి ఉంటుంది చెప్పండి?

మళ్లీ కుప్పానికే వస్తాను. ఆ సాయంత్రం మైదానం నిండిపోయింది. ముందు వరసలో అత్త, ఆమె పక్కన చెల్లెలు. మొదటి రెండు పాటల్లో నేను తగ్గి వాయించాను. మూడో పాటలో మధ్యన పెద్ద గిటార్ ముక్క ఉంది. డేవిడ్ అన్న ముందే చెప్పినట్టు కీబోర్డులో గిటారు సౌండు పెట్టుకుని తయారుగా ఉన్నాడు, నేను తడబడితే అందుకోవడానికి.

నేను తడబడలేదు. ఆ స్వరం దగ్గరికి వచ్చినప్పుడు మామలాగే దాన్ని వదలకుండా సాగదీశాను. గరగర మైదానమంతా పాకింది. మాట్లాడుకుంటున్న వాళ్లు మాటలాపారు. బజ్జీల బండి దగ్గరున్న వాళ్లు తిరిగి చూశారు. డేవిడ్ అన్న రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి ఎత్తేశాడు. ఎత్తి, జనం వైపు చూపిస్తూ నాకు సైగ చేశాడు, కానివ్వు, కానివ్వు అని. పాటలో లేని ముక్క కూడా వాయించాను. ఈలలే ఈలలు. ఒన్స్ మోర్ అన్నారు. మళ్లీ వాయించాను. మళ్లీ అడిగారు. ఆ పాటే మూడుసార్లు అయింది. కుప్పం జనం అంత తేలిగ్గా లొంగే రకం కాదని మా వాళ్లందరికీ తెలుసు.

సామాను సర్దేటప్పుడు డేవిడ్ అన్న నా దగ్గరికి వచ్చాడు. పొగడటం ఆయనకి రాదు. కాసేపు ప్రాసెసర్ వైపు చూసి అన్నాడు.

"ఇంగ గిటారు ముక్కల జోలికి నేను రానప్పా. నీయి నువ్వే సూసుకో."

ఆర్కెస్ట్రా ఉన్నన్నాళ్లూ ఆ మాట మీదే నిలబడ్డాడు. ఆ సౌండు కూడా నిలబడింది. కరెంటు పోయి వచ్చిన ఆ కాసేపట్లో ఏం జరిగిందో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. తెలిసిన వాళ్లుంటే చెప్పండి, వింటాను. కానీ ఆ సాయంత్రం వేళ్లు నావి, వాయింపు నాది. ఆ మాట మాత్రం ఎవరి ముందైనా ఢంకా బజాయించి చెప్తాను.